భోజనాలయ్యాక మొదటి డాన్స్

రెండువేల ఏడు జనవరిలో మా ఆయన రిటైరయ్యారు. ఆయనతో పాటే మా ఇంట్లో ప్రశాంతత కూడా రిటైరైపోయింది.

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేముండే వీధిలో సగం మంది కార్ల కంపెనీల వాళ్లే. ఆ రోజుల్లో కంపెనీలు పెద్దవాళ్లందరికీ బైఅవుట్ అని ఇంత డబ్బు చేతిలో పెట్టి సాగనంపుతున్నాయి. మా ఆయన ధర్మారావు గారు విడిభాగాల కంపెనీలో, క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో జీవితమంతా గడిపిన మనిషి. ఆయనకీ కేకు కోసి, భుజం తట్టి పంపించారు. ఉద్యోగాన్ని అక్కడే వదిలి వచ్చారు గానీ క్వాలిటీని మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. ముందు నా పోపులపెట్టె మీద పడ్డారు. ఆవాలూ మెంతులూ పక్కపక్కన ఉంటే పొరబాటు జరిగే అవకాశం ఉందట. తర్వాత కందిపప్పు రెండు డబ్బాల్లో ఎందుకుందని విచారణ. ఒకరోజు నేను దోసెలు వేస్తుంటే పక్కన వచ్చి నిలబడి, "ఒకటి ఎర్రగా వస్తోంది, ఒకటి తెల్లగా వస్తోంది. కన్సిస్టెన్సీ లేదు కాంతం," అన్నారు. 

"తినడానికండీ, షోరూంలో పెట్టడానికి కాదు," అన్నాను. 

ఆయన అప్పటికే స్టవ్ మంట తగ్గించేశారు.

జెర్సీ సిటీలో ఉన్న మా అమ్మాయి శ్రీవిద్యకి ఫోన్ చేసి మొరపెట్టుకున్నాను. "డాడీకి ఏదైనా హాబీ పెట్టమ్మా," అంది తేలిగ్గా. హాబీ ఆయనకి తర్వాత, ముందు నేను ఇంట్లోంచి బయటపడే దారి చూడు తల్లీ అన్నాను.

దారి పక్కింట్లోంచే వచ్చింది. ప్రమోద హాస్పిటల్లో నర్సు. ఆవిడకి మంగళవారం సాయంత్రాలు డ్యూటీ పడింది. "కాంతం గారూ, మా అనన్యని డాన్స్ క్లాస్‌కి దింపి, అయ్యాక తీసుకొస్తారా ప్లీజ్?" అని అడిగింది. డాన్స్ అంటే కూచిపూడి అనుకుని సరేనన్నాను. తీరా చూస్తే ఐరిష్ డాన్సట. చర్చి పైఅంతస్తు హాల్లో పిల్లలు గట్టి అడుగుల బూట్లు వేసుకుని, చేతులు రెండూ పక్కలకి అంటించేసుకుని, నడుం పైభాగం ఏమీ ఎరగనట్టు నిలబెట్టి, కాళ్లతో మాత్రం నేలని దడదడలాడిస్తున్నారు. చేతులు కదలకుండా, మొహంలో భావం లేకుండా నాట్యమేమిటని కాసేపు ముక్కున వేలేసుకున్నాను. ఆ తర్వాత తలనొప్పి వచ్చి కిందికి దిగాను.

కింద బేస్‌మెంట్ హాల్లో ఇంకో లోకం ఉంది. మా వయసువాళ్లు, మాకన్నా పెద్దవాళ్లు, మగవాళ్లొక వరసా ఆడవాళ్లొక వరసా ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. టేప్ రికార్డర్లో, మెళ్లో వేసుకుని వాయించే హార్మోనియం లాంటి అకార్డియన్ పాట. అది స్కాటిష్ డాన్స్ గ్రూపట. పైన ఐర్లండు, కింద స్కాట్లండు. టీచర్ ఐలీన్ అని, రిటైరైన స్కూలు టీచరు. రిటైరయ్యానన్న సంగతి ఆవిడ గొంతుకి ఇంకా తెలియలేదు. నాలుగు జంటలు ఉంటే గానీ ఆ డాన్స్ నడవదు. వాళ్లకి ఆరోజు ఒక మనిషి తక్కువ. ఐలీన్ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. 

"నీకు కాళ్లు రెండూ పనిచేస్తాయా?" అంది ఇంగ్లీషులో. 

"చేస్తాయి." 

"అయితే కోటు తీసి ఇలా రా."

నేను వెనకడుగు వేసేలోపు ఒక పెద్దాయన నా ముందుకి వచ్చాడు. పేరు హ్యూ. ఎనభై దాటి ఉంటాయి. గ్లాస్గో నుంచి కుర్రతనంలో వచ్చి డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో ఇనప అచ్చులు కోసే పని చేసినవాడు. లంగాలాంటి ఎర్ర గళ్ల కిల్టు, మోకాళ్ల దాకా మేజోళ్లు. కాస్త తల వంచి, "మేడమ్, ఈ డాన్స్ నాతో చేస్తారా?" అని అడిగాడు. ఎవరిని అడుగుతున్నాడా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

నవ్వకండి. మా ఇంట్లో నన్ను ఎవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదు. అమెరికా వస్తావా అని అడగలేదు, టికెట్టు వచ్చింది. ఇంటి గోడలకి ఏ రంగు వేయిద్దామని అడగలేదు, నేను చూసేసరికి వేసేసి ఉంది. మా ఆయన చెడ్డవారని కాదు, నాకు ఏనాడూ లోటు చేసిన మనిషీ కాదు. అడగాలని ఆయనకి తట్టదు, అంతే. "కాంతం, ఆదివారం గోపీనాథ్ వాళ్లింటికి వెళ్తున్నాం," అంటారు, నేను చీర తీస్తాను. అలాంటిది, ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి నా ముందు నిలబడి, నేను ఔననేదాకా కదలకుండా ఎదురుచూస్తున్నాడు. నాకు ఒళ్లంతా అదోలా అయిపోయింది. చాలా బాగుంది.

అక్కడి పద్ధతే అది. ఏ డాన్స్‌కి ఆ డాన్స్ కొత్తగా జంట కట్టాలి. ఒకరితోనే వరసగా రెండోది చేయకూడదు, సొంత మొగుడూ పెళ్లాలైనా సరే. ఎవరైనా ఎవరినైనా అడగొచ్చు, ఆడవాళ్లు మగవాళ్లని కూడా. కానీ అడగాలి. అడిగితే కాదనకూడదు, ఒకరిని కాదంటే ఆ డాన్స్‌కి ఇక కుర్చీలోనే. ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆయన పేపర్లోంచి తల తియ్యకుండా, "టైమ్ వేస్ట్ ప్రాసెస్," అన్నారు.

ఫిబ్రవరి అంతా మంగళవారం కోసం ఎదురుచూడటమే నా పని. కాళ్లు నొప్పులు పుట్టేవి, మనసు గెంతేది. కూరలు తరుగుతూ మడమలు ఎత్తి దించేదాన్ని. ఐలీన్ నాకు ఒక్కటే పదే పదే చెప్పేది, "పార్ట్‌నర్ కళ్లలోకి చూడు, నేల ఎక్కడికీ పోదు," అని. పరాయి మగవాడి కళ్లలోకి చూడమంటే మొదట్లో మెడ తిరిగేది కాదు. తర్వాత అలవాటైపోయింది. మనిషి కళ్లలోకి చూస్తే ఆ మనిషి కూడా భయపడుతున్నాడని తెలుస్తుంది. అప్పుడు మన భయం సగానికి సగం పోతుంది.

అంతలో ఒక మంగళవారం మంచు దంచి కొట్టింది. "రోడ్లు బాగాలేవు, నేను డ్రైవ్ చేస్తాను," అని మా ఆయన బయల్దేరారు. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు నేను ఆయన్ని వెంటేసుకుని వెళ్లాను. హాల్లో మూల కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి పేపరు మడిచారు. ఇంకాసేపటికి, "ఆ మూడో జంట లైన్ తప్పుతోంది. ఆ పొడుగాయన లేటుగా తిరుగుతున్నాడు," అని నాకు వినపడేలా తెలుగులో రిపోర్టులు మొదలుపెట్టారు. భాష తెలియకపోయినా ఐలీన్‌కి ఆ గొంతు అర్థమైంది. వచ్చి చెయ్యి పట్టుకుని లేపి నిలబెట్టింది.

ఇక ఆ వేడుక చూడాలి. పరాయి ఆడవాళ్ల చెయ్యి పట్టుకోవాలంటే మా ఆయనకి ప్రాణం మీదికి వచ్చింది. ప్రతి ఆవిడకీ ముందు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, ఆ తర్వాత వేళ్ల చివర్లు మాత్రం అందించేవారు. ఇదేదో ఇండియాలో డాన్స్ మర్యాద కాబోలనుకుని వాళ్లూ తిరిగి నమస్కారాలు పెట్టారు. చూపు మాత్రం నేల మీదే. క్లాసు అయిపోయి కిందికి వచ్చిన అనన్య గుమ్మంలో నిలబడి చూసి, "ఆంటీ, అంకుల్ ఫ్లోర్‌తో డాన్స్ చేస్తుంది," అంది తనకొచ్చిన తెలుగులో.

ఇంత జరిగాక మళ్లీ రారనుకున్నాను. మర్నాడు పొద్దున్న బేస్‌మెంట్‌లోంచి చప్పుళ్లు వినపడి కిందికి వెళ్లాను. నేల మీద రంగు టేపుతో గీతలు అంటించారు. గీతల మీద ఒక సోనామసూరి బస్తా, ఇస్త్రీ బల్ల, వాక్యూమ్ క్లీనర్, ఎర్ర సూట్‌కేసు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య మా ఆయన పైజామా లాల్చీలో, నోటితో తాళం వేసుకుంటూ మలుపులు తిరుగుతున్నారు. 

"నేనెవరినండీ ఇందులో?" 

"ఆ ఎర్ర సూట్‌కేసువి." 

"మరి హ్యూ?" 

"వాక్యూమ్ క్లీనర్," అన్నారు కాస్త తృప్తిగా.

నాకు నవ్వాగలేదు. కానీ పైకి వచ్చి చూసుకుంటే పోపులపెట్టె జోలికి ఆయన వచ్చి అప్పటికి ఒకరోజైంది. ఆ తర్వాత కూడా రాలేదు. నా ఆవాలు, నా మెంతులు మళ్లీ నావైపోయాయి. మా ఇంట్లో సంతోషం అలా మెల్లిగా తిరిగొచ్చింది. పొద్దున్న కాఫీ దగ్గర ఫలానా డాన్స్‌లో రెండో జంట ఎటు తిరగాలి అన్న విషయం మీద వాదించుకునేవాళ్లం. పెళ్లయ్యాక మేం ఒకే విషయం మీద ఇద్దరం సమానంగా వాదించుకోవడం అదే మొదటిసారి. చాలావరకు నేనే గెలిచేదాన్ని.

ఒక్కటే కొరత. మా ఆయన అందరినీ అడగడం నేర్చుకున్నారు. ఐలీన్‌ని అడిగేవారు, ఎనభై ఏళ్ల మామ్మల్ని అడిగేవారు, కొత్తగా చేరిన కాలేజీ పిల్లని కూడా నమస్కారం పెట్టి మరీ అడిగేవారు. నన్ను మాత్రం అడగలేదు. నా వంతు వచ్చేసరికి చెయ్యి ఊపి "రా" అనేవారు.

మార్చిలో చిన్న పార్టీ పెట్టారు అదే హాల్లో. అకార్డియన్ వాయించే మనిషిని పిలిపించారు, టేపు కాదు. అక్కడే జరిగింది కర్చీఫ్ సంగతి.

ఐలీన్ ఒక హుషారు డాన్స్ పేరు చదివింది. మా ఆయన బేస్‌మెంట్‌లో బస్తా సాయంతో కంఠతా పట్టింది అదే. అందరూ ఇంకా లేచీ లేవకముందే ఆయన విసవిసా నడిచి హాలు మధ్యకి వెళ్లారు. మంచి చోటు చూసుకుని, జేబులోంచి తెల్ల కర్చీఫ్ తీసి, దులిపి, నేల మీద పరిచారు. దానికి ఎదురుగా నా కోసమని కళ్లజోడు పెట్టె పెట్టారు. అప్పుడు నడుం మీద చేతులు వేసుకుని నా కోసం చూశారు. బెజవాడ బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే సీటు మనది. ఆ హక్కుని కాదన్న మొనగాడు మా జిల్లాలో పుట్టలేదు.

కానీ అది బెజవాడ కాదు. అప్పటికే హ్యూ వచ్చి నన్ను అడిగాడు, నేను సరేనన్నాను. ఈలోగా ఒక మామ్మ ఆ కర్చీఫ్ ఎవరిదో జారిపడిందనుకుని తీసి, మడతపెట్టి, మా ఆయన చేతికిచ్చింది. ఆయన థాంక్స్ చెప్పి మళ్లీ పరిచారు. జంటలన్నీ వచ్చి దాని చుట్టూ ఏం చేయాలో తెలియక ఆగిపోయాయి. అకార్డియన్ ఆయన కూడా ఆగాడు.

"ధర్మా, అదేమిటి?" అంది ఐలీన్. 

"రిజర్వ్‌డ్," అన్నారు మా ఆయన. 

"ఇక్కడ రిజర్వేషన్లు లేవు. పార్ట్‌నర్‌తో కలిసి వచ్చి వరస చివర నిలబడాలి." 

"నా పార్ట్‌నర్ అదుగో," అని హ్యూ పక్కనున్న నన్ను చూపించారు. 

"ఆవిణ్ని అడిగావా?" 

"షీ ఈజ్ మై వైఫ్." 

"అది నాకు తెలుసు. అడిగావా?"

హాలంతా నవ్వింది. మంచి నవ్వే, ఎగతాళి కాదు. నేనూ నవ్వాను. ఆయన వంగి కర్చీఫూ పెట్టె తీసుకుని మూల కుర్చీలో కూర్చున్నారు.

తిరిగి వస్తూ కార్లో ఆయన హీటరు రెండుసార్లు వేసి, ఆపారు. 

"అందరి ముందూ నవ్వావు," అన్నారు చివరికి. 

"మీరు అందరి ముందూ కర్చీఫ్ వేశారు." 

"సొంత పెళ్లాన్ని అడగడమేమిటి కాంతం? రేపు కంచం ముందు కూర్చుని అన్నం పెడతారా మేడమ్ అనాలా?" 

"అలా అంటే అరుగుదలకి మంచిది." 

ఆయన నవ్వలేదు. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి మంగళవారం నడుం పట్టేసిందన్నారు. హాలు చిన్నదన్నారు. ఆ పాటలకి తాళం సరిగా లేదన్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. సరే పడుకోండని నేనొక్కదాన్నే వెళ్లాను. ఆ సాయంత్రం నాకూ అడుగు సరిగా పడలేదు. చీటికీ మాటికీ ఆ మూల కుర్చీ వైపు చూశాను. ఆ పైవారం నేను కారు తాళాలు తీసుకునేసరికి ఆయన కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. తాళాలు ఆయన చేతిలో పెట్టాను, ఆయన నడుం ఊసెత్తలేదు.

అప్పటికి అందరి నోటా ఒకటే మాట, బాల్. ఏప్రిల్ ఆఖర్లో పెద్ద హాల్లో ఏటా జరిగే డాన్సుల పండగ. పక్క ఊరు ట్రాయ్ నుంచీ, పక్క రాష్ట్రం ఒహాయో నుంచీ కూడా గ్రూపులు వస్తాయి. ఏ డాన్స్ తర్వాత ఏ డాన్సో ముందే చెప్పేస్తారు గనుక, ముందే ఒకరినొకరు అడిగి పెట్టుకుంటారు. నన్ను వరసపెట్టి అడిగారు. మొదటిది హ్యూకి, తర్వాతది పొడుగాయనకి, ఇంకోటి ఐలీన్ మొగుడికి. అందరికీ సరేనన్నాను, ఒక్క డాన్స్‌కి తప్ప. భోజనాలయ్యాక మొదట వచ్చేది. అది స్ట్రాత్‌స్పే, గెంతులు లేకుండా నెమ్మదిగా, నీళ్లలో నడిచినట్టు సాగే డాన్స్. ఆ రకం నాకు ప్రాణం. దాన్ని ఎవరడిగినా, "అప్పటికి కాళ్లు నొప్పులు పుడతాయేమో, చూద్దాం," అని దాటేశాను.

ఈ సంగతి ఒక్క శ్రీవిద్యకే చెప్పాను. 

"అమ్మా, సో క్యూట్. నేను డాడీకి హింట్ ఇవ్వనా?" అంది. 

"ఇచ్చావంటే ఊరుకోను. నువ్వు చెప్పాక ఆయన అడిగితే అది అడిగినట్టు కాదు, సరుకుల లిస్టులో రాస్తే తెచ్చినట్టు." 

"మరి అడగకపోతే?" 

"కూర్చుంటాను." 

"బాధపడవూ?" 

"పడతాను," అన్నాను. అబద్ధం ఎందుకు, అప్పటికే సగం పడుతున్నాను.

బాల్‌కి ముందు వారం ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే ఆయన వచ్చి మంచం మీద కూర్చున్నారు. చేతులు నలుపుకున్నారు. గొంతు సవరించుకున్నారు. 

"కాంతం, బాల్ రోజున..." 

నా చేతిలో తువ్వాలు అలాగే ఆగిపోయింది. 

"ఊఁ." 

"ఏం లేదు. నా నల్లకోటు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చావా?" 

ఇచ్చానన్నాను. ఆ తువ్వాలుని ఎన్ని మడతలు పెట్టానో నాకే తెలియదు, అగ్గిపెట్టంత అయింది.

బాల్ రోజు రానే వచ్చింది. నేను మావిడిపిందె రంగు గద్వాల్ చీర, అడుగు పడేలా కాస్త ఎత్తి కట్టి, కుచ్చిళ్లకి పిన్నులు బిగించి, కింద మెత్తటి డాన్స్ బూట్లు వేసుకున్నాను. హాల్లో అడుగుపెడితే కళ్లు చెదిరాయి. రంగురంగుల గళ్ల కిల్టులు, తెల్ల గౌన్ల మీద గళ్ల పట్టీలు. స్టేజీ మీద రెండు అకార్డియన్లు, ఒక ఫిడేలు. ప్రమోద కూడా అనన్యని తీసుకుని చూడటానికి వచ్చింది. నా చీర చూసి నలుగురు ఆడవాళ్లు ఆగి చేత్తో తడిమి వెళ్లారు. హ్యూతో మొదటి డాన్స్‌లో నేను ఒక్క తప్పు కూడా చేయలేదు. పక్క వరసలో మా ఆయన ఐలీన్‌తో చేస్తున్నారు. నేల వైపు చూడటం లేదు. గీతల మీద నడిచినంత సరిగ్గా నడుస్తున్నారు. చూసి నాకు గర్వమేసింది. ఈయన మావారండీ అని మైకులో చెప్పాలనిపించింది.

భోజనాల దగ్గర నాకు ఏమీ సయించలేదు. మాకోసం కూరగాయలు కూరి చేసిన రొట్టె ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని, గోడవార కుర్చీలో కూర్చున్నాను. ఆయన హాలు అవతల కాఫీ బల్ల దగ్గర హ్యూతో మాట్లాడుతున్నారు. స్టేజీ మీద ఐలీన్ మైకు తీసుకుని స్ట్రాత్‌స్పే పేరు చదివింది. కుర్చీలు జరిగాయి. ఒక్కొక్క జంటా లేస్తోంది. 

ఒహాయో నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, చక్కగా దువ్వుకున్న తెల్ల జుట్టు, నా ముందుకొచ్చి తల వంచాడు. "ఈ డాన్స్ నాతో చేస్తారా?"

ఒక్క క్షణం ఆలోచించాను. ఔనంటే హాయిగా డాన్స్ చేసుకోవచ్చు. కాదంటే కుర్చీ. హాలు అవతల మా ఆయన కప్పు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. 

"సారీ అండీ. దీనికి మాటిచ్చేశాను," అన్నాను ఇంగ్లీషులో. పచ్చి అబద్ధం ఆడాను. 

"ఎవరో గానీ అదృష్టవంతుడు," అని ఆయన పక్కకి తప్పుకున్నాడు గానీ వెళ్లిపోలేదు, ఇంకో పార్ట్‌నర్ కోసం అక్కడే నిలబడి చూస్తున్నాడు. 

ఇప్పుడు ఎవరూ రాకపోతే నా పరువు ఆయన ఎదుటే పోతుంది. చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. సర్దడానికి ఏమీ లేదు.

మళ్లీ తలెత్తేసరికి మా ఆయన వస్తున్నారు. అందరూ గోడవారగా తిరిగి వస్తుంటే ఆయన ఖాళీగా ఉన్న హాలు మధ్య నుంచి, అన్ని దీపాల కిందా తిన్నగా నడిచి వచ్చారు. నా ముందు ఆగారు. చేతులు కోటు జేబుల్లో పెట్టారు, తీశారు. నుదుటి మీద చెమట పట్టి ఉంది. 

"కాంతం, ఈ డాన్స్ నాతో చేస్తావా?" అన్నారు. 

నేను నోరు తెరిచేలోగా, "చెయ్యాలని లేకపోతే పర్లేదు. నేనేమీ అనుకోను. ఇక్కడే కూర్చుందాం," అన్నారు.

మొదటి మాట ఆ హాల్లో ఎవరైనా నేర్పగలరు. రెండోది మాత్రం ఆయన సొంతం. నిజంగా నేను కాదంటానేమోనని భయపడుతున్నారు ఆ మనిషి. జవాబు కోసం నా మొహంలోకి చూస్తున్నారు. మా పెళ్లిచూపుల రోజున "అమ్మాయి నచ్చింది" అని ఆయన మా నాన్నతో చెప్పారు. ఆయన నచ్చారా అని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏమనేదాన్నో ఆ కుర్చీలో కూర్చుని ఉండగా నాకు తెలిసింది. తెలిసినా వెంటనే చెప్పలేదు. ఇన్నేళ్లకి వచ్చిన ప్రశ్న, కాసేపు కళ్లారా చూసుకోవద్దూ.

"చేస్తాను," అన్నాను.

చెయ్యి అందించారు. వేళ్ల చివర్లు కాదు, మొత్తం చెయ్యి. వెళ్లి వరస చివర నిలబడ్డాం. 

"ఖాళీగా ఉన్నావో లేదో అనుకున్నాను. ఆ తెల్లజుట్టాయన ఇప్పుడే నిన్ను అడిగినట్టున్నాడు," అన్నారు మెల్లిగా. 

"అడిగాడు. మాటిచ్చేశానని చెప్పాను." 

"ఎవరికి?" 

ఫిడేలు ఎత్తుకుంది. మగవాళ్లంతా తల వంచారు, ఆడవాళ్లం మోకాళ్లు వంచాం. ఆయన అటు, నేను ఇటు. మా వంతు వచ్చింది. ఎదురెదురుగా వచ్చాం, విడిపోయాం, పక్క జంట వెనక నుంచి తిరిగి మళ్లీ కలిశాం. ఆయన లెక్క తప్పడం లేదు గానీ నుదురు మాత్రం ముడిపడే ఉంది, ఏదో లెక్క తేలడం లేదు. రెండు చేతులూ పట్టుకుని ఒక చుట్టు తిరగాలి. సగం చుట్టులో ఆయన నుదురు విప్పుకుంది. నా కళ్లలోకి చూశారు. 

"నాకా?" అన్నారు. 

నేను నవ్వాను. 

నా చేతులు వదిలి ఎడమకి వెళ్లాల్సిన మనిషి కుడికి వెళ్లారు. అక్కడినుంచి పక్క జంట మధ్యలోకి, అక్కడినుంచి మూడో జంట దారికి అడ్డంగా. రెండు నెలలు గీతలు గీసి, బస్తాలు పెట్టి నేర్చుకున్న డాన్స్ మొత్తం మర్చిపోయి, హాలు మధ్యలో నిలబడి నన్నే చూస్తూ పిల్లాడిలా నవ్వుతున్నారు. మా వరస మొత్తం ఒకళ్లకొకళ్లు తగులుకుని చెల్లాచెదురైపోయింది. స్టేజీ మీంచి ఐలీన్ ఎడమ, ఎడమ అని అరుస్తోంది. నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను.